ఇస్తాంబుల్ రాత్రి: చేజారిన కప్పుపై ఒక అభిమాని మాట

సమన్వయకర్త: నమస్కారం. 2005 మే 25న ఇస్తాంబుల్‌లోని అటాతుర్క్ ఒలింపిక్ స్టేడియంలో జరిగిన యూరప్ ఫుట్‌బాల్ క్లబ్‌ల చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో ఇటలీ జట్టు ఏసీ మిలాన్ విరామ సమయానికి 3-0తో ముందుండి, చివరకు పెనాల్టీ షూటౌట్‌లో ఇంగ్లండ్ జట్టు లివర్‌పూల్ చేతిలో ఓడిపోయింది. ఆ మ్యాచ్‌ను ఆసాంతం చూసిన మిలాన్ అభిమాని ఒకరు, ఫుట్‌బాల్ శిక్షకులొకరు ఈరోజు మనతో ఉన్నారు. ఇన్నేళ్లయినా ఆ ఓటమి మిమ్మల్ని ఎందుకు వదలడం లేదండీ?

అభిమాని: నిందించడానికి ఎవరూ దొరకకపోవడం వల్లనండీ. జట్టు చేతకాక ఓడిపోతే నాలుగు రోజులు కోపం తెచ్చుకుని ఊరుకుంటాం. ఆ రాత్రి మా జట్టు గొప్పగా ఆడింది. మొదటి నిమిషంలోనే పిర్లో ఫ్రీకిక్‌ను అందుకుని మాల్దీని గోల్ చేశాడు, విరామానికి ముందు క్రెస్పో మరో రెండు చేశాడు. ఆ మూడో గోల్‌కు కాకా ఇచ్చిన పాస్ ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టే ఉంది. మైదానం మధ్య నుంచి డిఫెండర్ల నడుమ గీత గీసినట్టు దూసుకొచ్చిన ఆ బంతిని క్రెస్పో ఆపకుండానే, ముందుకు వస్తున్న గోల్‌కీపర్ డుడెక్ మీదుగా సుతారంగా లేపి లోపలికి పంపాడు. కప్పు మాదే అనుకున్నాను. ఆ ఆట చూసినవారు ఎవరైనా అలాగే అనుకునేవారు.

సమన్వయకర్త: మరి విరామం తర్వాత ఏం మారింది?

శిక్షకుడు: లివర్‌పూల్ కోచ్ బెనితెజ్ కుడివైపు డిఫెండర్ ఫినన్‌ను తప్పించి హామన్‌ను దించారు. అంతవరకు కాకా ఇష్టం వచ్చినట్టు తిరిగిన ఖాళీని హామన్ మూసివేయడంతో, వెనక్కి చూసుకోవలసిన పని తగ్గిన జెరార్డ్ ముందుకు వెళ్లగలిగాడు. 54వ నిమిషంలో అతనే హెడర్‌తో గోల్ చేశాడు. 56లో ష్మిట్సర్ దూరం నుంచి కొట్టాడు. 60లో వచ్చిన పెనాల్టీని మిలాన్ గోల్‌కీపర్ దీదా ఆపినా, తిరిగి వచ్చిన బంతిని అలోన్సో లోపలికి పంపాడు.

అభిమాని: ఆరు నిమిషాలు! మిలాన్ ఆటగాళ్లు విరామంలోనే సంబరాలు చేసుకున్నారన్న మాట చాలాకాలం ప్రచారంలో ఉంది, ఆటగాళ్లు దాన్ని ఖండించారు కూడా. నేను వారి మాటే నమ్ముతాను. గర్వంతో కళ్లు నెత్తికెక్కిన జట్టు 3-3 అయ్యాక కుప్పకూలిపోవాలి కదా! మా వాళ్లు కుప్పకూలలేదు. మళ్లీ ఆటను చేతిలోకి తీసుకున్నారు. మా షెవ్‌చెంకో కొట్టిన ఒక బంతిని లివర్‌పూల్ డిఫెండర్ ట్రావొరే గోల్ గీత మీద నుంచి వెనక్కి కొట్టాడు.

శిక్షకుడు: అది నిజమే, కానీ ఆ ఆరు నిమిషాల్లో ఆట వేగాన్ని తగ్గించే ప్రయత్నం మాత్రం మిలాన్ చేయలేదు. మొదటి గోల్ పడగానే బంతిని తమ దగ్గరే ఉంచుకుని ప్రత్యర్థి ఊపును చల్లార్చవలసింది. మిలాన్ కోచ్ అన్చెలోత్తి 85వ నిమిషం దాకా ఒక్క ఆటగాడినీ మార్చలేదు.

అభిమాని: ఒప్పుకుంటాను. అయితే నన్ను ఇప్పటికీ కలచివేసేది ఆ ఆరు నిమిషాలు కాదండీ, అదనపు సమయం ముగియడానికి కాస్త ముందు జరిగిన ఒక్క క్షణం. షెవ్‌చెంకో తలతో కొట్టిన బంతిని డుడెక్ ఆపాడు, అది తిరిగి షెవ్‌చెంకో కాళ్ల దగ్గరికే వచ్చింది. గోల్‌కు రెండడుగుల దూరం కూడా లేదనిపించింది. నేల మీద నుంచి ఇంకా పూర్తిగా లేవని డుడెక్ చేతులు పైకెత్తాడు, బంతి ఆ చేతులకు తగిలి క్రాస్‌బార్ పైనుంచి వెళ్లిపోయింది. షెవ్‌చెంకో చేసిన తప్పేమిటో నేను ఎన్నిసార్లు చూసినా చెప్పలేకపోయాను. షూటౌట్‌లో సెర్జిన్యో పైకి కొట్టాడు, పిర్లో కిక్‌ను డుడెక్ ఆపాడు, చివరికి షెవ్‌చెంకో కిక్‌నూ ఆపాడు. 3-2.

సమన్వయకర్త: రెండేళ్ల తర్వాత, 2007లో ఏథెన్స్‌లో జరిగిన ఫైనల్‌లో అదే లివర్‌పూల్‌ను మిలాన్ 2-1తో ఓడించింది. ఇన్‌జాగి రెండు గోల్స్ చేశాడు. అప్పటికైనా మీకు ఊరట కలగలేదా?

అభిమాని: కలిగిందండీ. మాల్దీని కప్పు ఎత్తినప్పుడు కన్నీళ్లు ఆగలేదు. కానీ 2003లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో జరిగిన ఫైనల్‌లో యువెంటస్‌పై గెలిపించిన చివరి పెనాల్టీ కొట్టింది షెవ్‌చెంకోనే, ఆ షూటౌట్ కూడా 3-2తోనే ముగిసింది. ఏథెన్స్ మ్యాచ్ నాటికి అతను మిలాన్‌ను వదిలి చెల్సీకి వెళ్లిపోయాడు. ఇస్తాంబుల్‌లో రెండు గోల్స్ చేసిన క్రెస్పో కూడా ఆ జట్టులో లేడు. కప్పు ఎత్తుతున్న వారందరినీ ఒక్కొక్కరినే చూస్తూ, నేను వాళ్లిద్దరి కోసం వెతికాను.