వానలో మందుగుండు: గొట్టం మూతి నుంచి వత్తి కొస దాకా

ఉత్సవ కమిటీల పెద్దలకు, ఏళ్ల తరబడి వత్తి అంటించి చేతులు కాల్చుకున్న పనివారికి నమస్కారం.

మన ప్రాంతంలో బాణసంచాకూ వానకూ ఉన్న చుట్టరికం పంచాంగంలోనే ఉంది. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను తిరిగేది విజయదశమి తరువాత వచ్చే మంగళవారం. ఆ వెనుకనే దీపావళి. బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే రోజులూ సరిగ్గా అవే. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది. తిత్లీ 2018 అక్టోబరు 11న, నవరాత్రులు మొదలైన మర్నాడు, పలాస దగ్గర తీరం దాటింది. అంతటి గాలివానలో ఎవరూ బాణసంచా జోలికి పోరు గనుక దాని గురించి నేను చెప్పవలసినది లేదు. మనల్ని మోసం చేసేది సాయంత్రం ఆరింటికి పట్టి, ఎనిమిదింటికి తెరిపి ఇచ్చే జల్లు.

కరెంటు తీగలతో కాల్చేవారు షెల్లులు, అంటే ఆకాశంలోకి ఎగిరి పేలే గుండ్లు, దింపిన గొట్టాలన్నిటినీ మూసివేసి, దూరాన కూర్చుని మీట నొక్కుతారు. చేత్తో కాల్చేవారికి ఆ సుఖం లేదు. అంటించాలంటే వత్తి బయట ఉండాలి, బయట ఉంటే తడుస్తుంది.

దీనికి ఒక పెద్ద బరకం చాలునని నేనూ చాలాకాలం నమ్మాను. ఒక గ్రామదేవత పండుగకు మధ్యాహ్నమే గొట్టాలను ఇసుకలో పాతి, షెల్లులు దింపి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి బరకం కప్పాము. ఆ రోజు చుక్క వాన పడలేదు. రాత్రి బరకం ఎత్తి చూస్తే లోపలివైపు అన్నం గిన్నె మూతకు పట్టినట్టు చెమట పట్టి ఉంది. ఎండకు కాగిన ఇసుకలోని తేమ ఆవిరై పైకి లేచి, పోవడానికి దారి లేక వత్తుల మీదికే జారింది. మూడంగుళాల షెల్లు మూడు వందల అడుగుల దాకా లేవాలి. మాది తాటిచెట్టు ఎత్తు దాటకుండా పేలింది. ఆ రాత్రి ఎవరికీ దెబ్బ తగలకపోవడం అమ్మవారి దయే గాని మా గొప్ప కాదు.

అలా ఎందుకు జరుగుతుందో చూద్దాం. షెల్లును పైకి నెట్టేది దాని అడుగున ఉన్న తుపాకి మందు, అంటే సుమారు 75 పాళ్ల సురేకారం, 15 పాళ్ల బొగ్గు, 10 పాళ్ల గంధకం కలిసిన మిశ్రమం. అది చెమ్మగిల్లితే మండుతుంది గాని, విసురు తగ్గుతుంది. షెల్లు లోపలి కాలపు వత్తికి మాత్రం ఆ సంగతి తెలియదు. అది తన లెక్క ప్రకారం కొద్ది సెకన్లలో కాలిపోయి, షెల్లు ఎక్కడ ఉంటే అక్కడే పేలుస్తుంది. ఇక మనం అంటించే వత్తి కాగితపు గొట్టంలో ఉన్నంతవరకు నిప్పు మెరుపులా పరుగెడుతుంది. ఆ కాగితం నాని చిరిగినా, అతుక్కుపోయినా నిప్పు నడక మారిపోయి, దారిలోనే ఆగిపోనూ వచ్చు.

కాబట్టి కప్పు గొట్టానికి ఒకటి చొప్పున ఉండాలని నా అభిప్రాయం. దించే ముందు కర్రకు పొడిగుడ్డ చుట్టి గొట్టం అడుగు వరకు తుడవాలి. షెల్లును పలుచని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, సంచి మూతిని వత్తి చుట్టూ బిగించి దించితే అడుగున నాలుగు చుక్కలు చేరినా మందుకు తగలవు. గొట్టం మూతికి వంటింట్లో వాడే పలుచని అల్యూమినియం రేకును ఒక్క పొరగా కప్పాలి. షెల్లు దానిని చీల్చుకుని పోతుంది. ప్లాస్టిక్ కప్పు పక్క గొట్టపు నిప్పురవ్వకు కరుగుతుంది గనుక రేకే మేలు. వత్తిని రేకు అంచు కింది నుంచి బయటికి తీసి, చూరు నుంచి నీరు జారినట్టు కిందికి వంచి, కొసకు రేకుతోనే చిన్న టోపీ తొడగాలి. వంతు వచ్చినప్పుడు ఆ ఒక్క టోపీనే తీసి, పొడవాటి కడ్డీతో పక్కన నిలబడి అంటించాలి. మిగిలినవి అలాగే ఉండాలి. తొందరపడి అన్నీ ఒకేసారి తీసేవాళ్లను చూశాను. వానకంటే వాళ్లే ఎక్కువ సరుకు పాడుచేశారు.

గొట్టాలు పాతే చోటు గురించి ఒక్క మాట: చెరువు గట్టు దిగువన వద్దు, మెరకన పాతి చుట్టూ కాలువ తీయండి.

ఇంత చేసినా ఒకటి రెండు అంటుకోవు. తడి వత్తిలో నిప్పు నిద్రపోతూ ఉండవచ్చు గనుక, గొట్టం మీదికి తల వంచి చూడడం, మళ్లీ అంటించడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. అరగంట ఆగి, పక్క నుంచి నిండా నీరు పోయండి.

చివరిగా, తడిసిన సరుకును ఎండబెట్టి దీపావళికి వాడుకోవచ్చునా అని కమిటీవారు ప్రతి ఏడూ అడుగుతారు. డబ్బు పోసి కొన్నది గనుక ఆ ప్రశ్న సహజమే. తెల్లని మెరుపు కోసం వాడే అల్యూమినియం పొడి, నైట్రేటు లవణాలు కొద్దిపాటి తడిలో కలిసి ఉంటే వాటంతట అవే వేడెక్కవచ్చు. నిప్పు చూపించకపోయినా గదిలో అంటుకోవచ్చు. అలాంటి పెట్టెను ఇంటికి గాని, గుడి కొట్టులోకి గాని తీసుకుపోకుండా, ఆ రాత్రే ఆరుబయట నీటి పీపాలో పూర్తిగా ముంచి, మర్నాడు అమ్మిన లైసెన్సుదారుకు కబురు పెట్టండి.