ట్రాకి ట్యూబ్ ఉన్నవాళ్ళకి సక్షన్ ఒక్కటే సరిపోదు

అందరికీ నమస్కారమండీ. ఇక్కడున్న చాలామంది ఇంట్లో ట్రాకియాస్టమీ అయిన, అంటే మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం చేసి ట్యూబ్ పెట్టిన పేషెంట్‌ని చూసుకుంటున్నవాళ్ళే కదా, కొందరికి తలకి దెబ్బ, కొందరికి పక్షవాతం, పురుగుమందు తాగి వారాల తరబడి వెంటిలేటర్ మీద ఉండి బయటపడ్డవాళ్ళు కూడా ఉన్నారు. అందరూ అడిగేది ఒకటే, సక్షన్, అంటే పైపుతో కఫం లాగడం, గంటకోసారా రెండు గంటలకోసారా అని. గడియారం చూసి చెయ్యొద్దండీ. గురగుర వినిపిస్తే, ట్యూబ్‌లో కఫం కనిపిస్తే, ఆయాసం పెరిగితే, ఆక్సిజన్ రీడింగ్ పడిపోతుంటే అప్పుడు చెయ్యండి. ఊరికే పైపు పోనిస్తుంటే లోపలి పొర ఒరుసుకుపోయి రక్తం వస్తుంది.

అసలు కఫం ఎందుకు అంత గట్టిపడుతుందంటే, గాలిని వెచ్చబెట్టి తేమ పట్టించేది ముక్కు, ఇప్పుడు గాలి ముక్కుతో పనిలేకుండా మెడ దగ్గర్నుంచే డైరెక్ట్‌గా పోతోంది. పైగా దగ్గులో బలం ఉండదు, దగ్గే ముందు స్వరతంత్రులు ఒక్క క్షణం మూసుకుంటేనే లోపల ప్రెషర్ వస్తుంది, ట్యూబ్ ఉంటే గాలి ముందే బయటికి పోతుంది. ఇక సక్షన్ పైపు ఎంత దూరం వెళ్తుంది చెప్పండి, ట్యూబ్ చివర దాకా వచ్చిన కఫాన్నే లాగుతుంది, ఊపిరితిత్తి అడుగున పేరుకున్నది దానికి అందదు. దాన్ని అక్కడిదాకా తేవడమే ఫిజియోథెరపీ పని.

అందుకే ట్యూబ్‌కి తేమ ఫిల్టర్ పెట్టడమో, నెబ్యులైజర్ ఇవ్వడమో చేసి, కఫం ఉన్న వైపు పైకి వచ్చేలా పక్కకి తిప్పి పడుకోబెడతాం, గాలి వదిలేటప్పుడు పక్కటెముకల మీద చేతులతో అదురు పుట్టిస్తాం. పక్కటెముకలు విరిగినవాళ్ళకి, మెదడులో ప్రెషర్ ఉన్నవాళ్ళకి ఇవన్నీ డాక్టర్‌ని అడక్కుండా చెయ్యకూడదు, ముక్కు గొట్టంలో పాలు పోసిన వెంటనే కూడా వద్దు. నన్నడిగితే మాత్రం వీటన్నిటికన్నా కూర్చోబెట్టడమే మేలంటాను, మంచం అంచున కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చోబెడితే ఊపిరి లోతుగా వెళ్తుంది, దగ్గు దానంతటదే వస్తుంది, మనవాళ్ళేమో పాపం నీరసంగా ఉన్నారని పడుకోబెట్టేస్తారు.

సక్షన్ పైపు లావు ట్యూబ్ లోపలి వ్యాసంలో సగం దాటొద్దు, లోపల 8 మిల్లీమీటర్లుంటే 12 ఫ్రెంచ్ పైపు, అంటే 4 మిల్లీమీటర్ల లావుది చాలు. లోపలికి పెట్టేటప్పుడు సక్షన్ ఆపి, బయటికి తీసేటప్పుడే ఆన్ చెయ్యండి, మొత్తం 10-15 సెకన్లలో అయిపోవాలి. ప్రతిసారీ సెలైన్ చుక్కలు వెయ్యడం కూడా మానెయ్యండి, దానివల్ల లాభం పెద్దగా లేదు.

మాట కోసం స్పీకింగ్ వాల్వ్, అంటే గాలిని లోపలికి మాత్రమే పోనిచ్చే మూత పెట్టేవాళ్ళు ఇది మాత్రం మర్చిపోకండి, ముందు ట్యూబ్ చుట్టూ లోపల ఉండే బెలూన్‌లో గాలి మొత్తం తీసెయ్యాలి, లేకపోతే పీల్చిన గాలి బయటికి రాదు, ప్రాణానికే ప్రమాదం. సరే, ఇప్పుడు బొమ్మ మీద చేసి చూపిస్తాను, వెనకున్నవాళ్ళు కూడా దగ్గరికి రండి.