బొగ్గుల గ్రిల్‌కు ఏ పెయింట్? కొనే ముందు డబ్బా మీద ఈ నంబర్ చూడండి

నమస్తే అండీ. ఇదిగో, ఇది 200 లీటర్ల డ్రమ్మును నిలువునా కోసి చేసిన బొగ్గుల గ్రిల్. అనంతపురంలో వెల్డింగ్ షాపులో చెప్తే చేసిస్తారు, పైన నిగనిగలాడే నల్ల ఎనామిల్ కూడా కొట్టిస్తారు. చిక్కంతా ఆ ఎనామిల్‌తోనే. కెమెరా దగ్గరికి తెస్తున్నా, ఈ పక్క చూడండి. బొగ్గులు ఆనే చోట పెయింట్ అప్పడంలా పొంగింది. గోటితో గీకితే చాలు, పొరలు పొరలుగా ఊడొస్తా ఉంది. కింద అప్పుడే తుప్పు.

గేట్లకు, కిటికీలకు వేసే ఎనామిల్ 100 డిగ్రీలు దాటితే మెత్తబడడం మొదలవుతుంది, ఇంకా వేడెక్కితే మాడిపోతుంది. సర్కారు తుమ్మ బొగ్గు బాగా రాజుకుంటే నిప్పు 700 డిగ్రీలు దాటుతుంది. దానికి ఆనుకున్న రేకు 400 దాకా పోతుంది, మూత 200 నుంచి 300. కాళ్లు, చక్రాలు మాత్రం చేత్తో పట్టుకోవచ్చు. అందుకే గ్రిల్ మొత్తానికి ఒకటే పెయింట్ అనుకోవద్దు.

ముందు ఈ రెండు డబ్బాలు చూడండి. రెండూ సిల్వరే, మూత తీస్తే తేడా కనపడదు. ఒకటి మామూలు అల్యూమినియం పెయింట్, గ్రిల్‌కు పనికిరాదు. రెండోది హీట్ రెసిస్టెంట్ అల్యూమినియం. ఇందులో కూడా 200, 400, 600 డిగ్రీల రకాలున్నాయి. షాపులో "అన్నా, సిల్వర్ పెయింట్ ఇయ్యి" అంటే మొదటిదే చేతిలో పెడతారు. "హీట్ రెసిస్టెంట్, 600 డిగ్రీలది" అని నోరు తెరిచి అడగండి, డబ్బా మీద నంబర్ మీరే చదవండి. నలుపే కావాలంటే బైక్ సైలెన్సర్లకు కొట్టే హై టెంపరేచర్ స్ప్రే తీసుకోండి, దాని మీద కూడా 600 ఉండాలి. కొన్నింటి మీద రెండు నంబర్లుంటాయి: కాసేపు తట్టుకునే వేడి, ఎంతసేపైనా తట్టుకునే వేడి. మనం లెక్కపెట్టుకోవాల్సింది రెండోది, చిన్న నంబర్.

నన్నడిగితే డ్రమ్ముకు సిల్వర్ డబ్బానే మేలు. ఈ డ్రమ్ము ఒక సగం బయటి వైపు సుమారు ఒక చదరపు మీటరు, మూతతో కలిపి రెండు. రెండు కోట్లకు అర లీటరు సరిపోతుంది. అదే స్ప్రే అయితే 400 మిల్లీలీటర్లవి రెండు, మూడు క్యాన్లు పడతాయి. డబ్బాను మాత్రం అడుగు నుంచి బాగా కలపాలి, అల్యూమినియం పొడి కిందికి దిగిపోయి ఉంటుంది. కాళ్లకు ఈ ఖర్చు దండగ, రెడ్ ఆక్సైడ్ మీద మామూలు ఎనామిల్ చాలు.

రెడ్ ఆక్సైడ్ కాళ్లకే. నిప్పు దగ్గరి రేకుకు అడుగున అది వేస్తే, పైన ఎంత ఖరీదైన పెయింట్ కొట్టినా కింది కోటు మాడి మొత్తం లేస్తుంది. లప్పం కూడా వద్దు. హీట్ పెయింట్ నేరుగా ఇనుము మీదికే పోవాలి. కాబట్టి పాత రంగు, తుప్పు వైరు బ్రష్‌తో రాలగొట్టి, 80 నంబరు ఎమెరీతో, తర్వాత 120తో రుద్ది, థిన్నర్ గుడ్డతో జిడ్డు తుడవండి. తుడిచాక చేత్తో ముట్టొద్దు, కొవ్వు మరక ఉన్న చోట పెయింట్ పట్టదు. ఆ రోజే వేసేయండి.

లోపలి వైపు, జాలీకి ఏ పెయింటూ వద్దు. అన్నం పెట్టే చోటది. వంట నూనె పలచగా రాసి కాల్చండి, నల్లగా పొర కడుతుంది. మూత లోపల రేకుల్లా వేలాడేది చూసి పెయింట్ ఊడుతోందని చాలామంది భయపడతారు. అది మాడిన కొవ్వు, మసి. గీకేస్తే పోతుంది. జీఐ జాలీ అయితే తీసి పారేయండి. దాని మీది జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది, ఆ పొగ పీల్చకూడదు.

మన ఊళ్లో పెయింట్ వేసే పొద్దు కూడా చూసుకోవాలి. మిట్టమధ్యాహ్నం ఎండకు కాలిన రేకు మీద స్ప్రే కొడితే, రేకును తాకేలోపే ఆరిపోయి ముగ్గుపిండిలా చేతికంటుతుంది. ఆషాఢం గాలికైతే సగం పెయింట్ ఎగిరిపోతుంది, మిగతా సగానికి దుమ్ము. ఉదయం 7, 8 గంటలకు, గాలి మరుగున, అడుగు దూరం నుంచి పలచగా రెండు కోట్లు. మందంగా కొడితే లోపలి థిన్నర్ బయటికి రాలేక, వేడి తగలగానే బుడగలొస్తాయి.

ఇక కాల్చడం. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఈ పెయింట్ ఆరితే గట్టిపడదు, కాలితేనే గట్టిపడుతుంది. ఇదిగో, వేసి ఒక రోజైంది, గోరు పెడితే గీత పడుతోంది. ఇప్పుడు అర కిలో బొగ్గు, మూత తెరిచి, అరగంట. పూర్తిగా చల్లారనివ్వండి. తర్వాత కిలో బొగ్గు, మూత వేసి, గంట. రేకు 200 డిగ్రీలు దాటాలి, లేజర్ థర్మామీటర్ ఉంటే బయటి వైపు చూడండి. కాళ్ల మీద అంత వేడి అవసరం లేదు. పొగ, ఘాటు వాసన వస్తాయి, భయపడొద్దు. పొగ ఆగేదాకా చికెన్ మాత్రం పెట్టొద్దు. ఇదిగో చూడండి, అదే చోట మళ్లీ గోరు పెట్టా, గీత పడలేదు.

కాల్చిన వేడి మీద నీళ్లు చల్లొద్దు, పొర చిట్లుతుంది. బూడిద ఎప్పటికప్పుడు ఎత్తేయండి. వానకు తడిసిన బూడిద రేకును లోపలి నుంచి తినేస్తుంది, బయట వేసిన పెయింట్ దాన్నేమీ ఆపలేదు. పెచ్చు లేచిన చోట మొత్తం గీకక్కర్లేదు. ఆ అరచేతి మేర రుద్ది, రెండు పలుచటి కోట్లు వేసి, మళ్లీ ఇట్లాగే కాల్చండి.