మారికోపా రికార్డర్ ఎందుకు ఓడిపోయాడు?

అక్క: అందరికీ నమస్కారం. ఇక్కడ అమెరికాలో, అరిజోనా రాష్ట్రం చాండ్లర్‌లో నేను, అక్కడ విజయవాడలో మా తమ్ముడు. ఈసారి మా కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, దాని సంగతే మాట్లాడుకుందాం. మారికోపా కౌంటీ రికార్డర్‌గా నాలుగేళ్లు చేసిన స్టీఫెన్ రిచర్, 2024లో మళ్లీ నిలబడి సొంత పార్టీవాళ్ల చేతుల్లోనే ఓడిపోయాడు.

తమ్ముడు: ఆగక్కా, ముందు రికార్డర్ పని ఏంటో చెప్పు. మన దగ్గర అలాంటి పోస్టే లేదు.

అక్క: సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇళ్లు, స్థలాల దస్తావేజులు రిజిస్టర్ చేస్తారు కదా, అది ఒక సగం. రెండో సగం ఓట్లు. ఓటర్ల జాబితా చూసుకోవాలి, పోస్టులో బ్యాలెట్లు పంపాలి, తిరిగొచ్చిన కవర్ల మీద సంతకాలు సరిచూడాలి. పోలింగు రోజు ఏర్పాట్లు, కౌంటింగు మాత్రం ఎక్కువగా కౌంటీని నడిపే సూపర్‌వైజర్ల బోర్డు చేతిలో ఉంటాయి. ఫీనిక్స్ ఈ కౌంటీలోదే. జనాభా 45 లక్షల పైనే ఉంటుంది.

తమ్ముడు: ఇక్కడైతే ఓటర్ల జాబితా ఆర్డీవోలు, తహసీల్దార్లు, బీఎల్వోలు చూసుకుంటారు. అందరూ ప్రభుత్వ ఉద్యోగులే. అక్కడ?

అక్క: ఇక్కడ రికార్డర్ కూడా ఎన్నికల్లో గెలిచి రావాల్సిందే, అదీ పార్టీ గుర్తింపుతో. రిచర్ రిపబ్లికన్, లాయరు. 2020లో డెమోక్రాట్ రికార్డర్ ఏడ్రియన్ ఫాంటెస్ మీద నిలబడి, ఐదు వేల ఓట్ల లోపు తేడాతో గట్టెక్కాడు. అప్పట్లో అతని నినాదం ఏంటో తెలుసా? ఈ ఆఫీసుని మళ్లీ బోరు కొట్టేలా చేస్తానని!

తమ్ముడు: భలే! మన దగ్గర ఎవడైనా అలా అంటే డిపాజిట్ దక్కదు.

అక్క: అసలు మెలిక ఇక్కడుంది, జాగ్రత్తగా విను. 2020 నవంబరు ఎన్నిక నడిచింది ఫాంటెస్ హయాంలో. రిచర్ కుర్చీలో కూర్చుంది 2021 జనవరిలో. ఆ ఎన్నికలో అరిజోనాలో ట్రంప్ ఓడిపోయాడు, మోసం జరిగిందని గొడవ మొదలైంది. రిచర్‌కి రాజకీయంగా తేలికైన దారి ఏది?

తమ్ముడు: "నాకేం సంబంధం, అదంతా పాత రికార్డర్ నిర్వాకం" అనేయడం.

అక్క: అదే! పైగా ఆ పాత రికార్డర్ తను ఓడించిన ప్రత్యర్థి, వేరే పార్టీవాడు. బురద చల్లితే సొంత పార్టీలో హారతులు పట్టేవాళ్లు. ఈయన మాత్రం లెక్కలన్నీ చూసి, ఎన్నిక సరిగానే జరిగిందన్నాడు. కౌంటీ ఓటర్ల డేటాబేస్ చెరిపేశారని 2021 మేలో ట్రంప్ ప్రకటన ఇస్తే, ఆ డేటాబేస్ ఇప్పుడే నా రెండో స్క్రీన్ మీద కనిపిస్తోందని ట్విటర్‌లో పెట్టాడు. ఆగస్టులో సొంత పార్టీవాళ్లకి 38 పేజీల ఉత్తరం రాశాడు.

తమ్ముడు: 38 పేజీలా! ఎవరు చదువుతారు?

అక్క: చదవాల్సినవాళ్లు చదవలేదనుకుంటా. అదే ఏడాది రాష్ట్ర సెనేట్ సైబర్ నింజాస్ అనే కంపెనీకి రీకౌంటు అప్పజెప్పింది. పెద్ద స్టేడియం హాల్లో బల్లలు వేసి, 21 లక్షల బ్యాలెట్లు మళ్లీ చేత్తో లెక్కపెట్టారు. ఆసియా నుంచి దొంగ బ్యాలెట్లు వచ్చాయన్న పుకారు పట్టుకుని, కాగితంలో వెదురు పీచు ఉందేమోనని కూడా చూశారు.

తమ్ముడు: వెదురు పీచా? దొరికిందా?

అక్క: దొరికింది ఏంటంటే, చేతి లెక్కలో బైడెన్‌కి 99 ఓట్లు పెరిగాయి, ట్రంప్‌కి 261 తగ్గాయి.

తమ్ముడు: అంత హడావిడి చేసి ఇదా!

అక్క: అయినా అనుమానం పోలేదు. 2022లో గవర్నర్ పోటీలో ఓడిన కేరీ లేక్, రిచర్ మూడు లక్షల చెల్లని బ్యాలెట్లు కలిపాడని ఆరోపించింది. ఆయన 2023 జూన్‌లో పరువు నష్టం దావా వేశాడు. 2024 మార్చిలో ఆమె తన తప్పుందా లేదా అన్న విషయం మీద కోర్టులో వాదించనని చెప్పేసింది. ఆ ఏడాది నవంబరులో రాజీ అయిపోయింది. ఈలోపు ఆయనకి, ఆయన సిబ్బందికి బెదిరింపులు. పార్టీ నాయకురాలు ఒకామె అయితే, రిచర్ ఈ గదిలోకి వస్తే ఉరి తీస్తానని మీటింగులో మాట్లాడిన వీడియో బయటికొచ్చింది.

తమ్ముడు: అమ్మో. సరే, అంత గొడవకి మూలం ఆ పోస్టు బ్యాలెట్లే కదా. ఎలా నడుస్తుంది ఆ పని?

అక్క: మా ఇంటికీ వస్తుందిరా. బ్యాలెట్‌తో పాటు ఆకుపచ్చ కవరు ఒకటి ఉంటుంది. ఓటేసి, అందులో పెట్టి అతికించి, కవరు మీద సంతకం పెట్టాలి. ఆఫీసులో ఆ సంతకాన్ని పాత రికార్డుల్లో ఉన్న సంతకాలతో పోల్చి చూస్తారు. కలవకపోతే వెంటనే పక్కన పడెయ్యరు, ఫోన్ చేసి ఇది మీదేనా అని అడుగుతారు. ఎన్నిక అయ్యాక కూడా కొన్ని రోజులు గడువిస్తారు. మనవాళ్ల సంతకాలు తెలుసు కదా, బ్యాంకులో ఒకటి, డెలివరీ అబ్బాయి ఫోన్ మీద ఇంకొకటి.

తమ్ముడు: నాన్న సంతకం పెన్షన్ కాగితాల్లో ఏ రెండూ కలిసేవి కావు. సరే, 2024 సంగతికి రా.

అక్క: జూలై 30న రిపబ్లికన్ ప్రైమరీ, అంటే నవంబరు ఎన్నికకి పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నిక. ముగ్గురు పోటీ. రాష్ట్ర శాసనసభ్యుడు జస్టిన్ హీప్‌కి 40 శాతం దాటాయి. రిచర్ 36 దగ్గర ఆగిపోయాడు. ఆ ఎన్నికలో పోస్టులో వచ్చిన కవర్ల సంతకాలు సరిచూసింది ఎవరనుకున్నావ్? రిచర్ ఆఫీసే. తనని ఓడించిన ఓట్లకి కూడా అదే పద్ధతి, అదే తనిఖీ. కిక్కురుమనకుండా ఓటమి ఒప్పుకున్నాడు.

తమ్ముడు: ఎన్నికల అధికారి ఎన్నికలో నిలబడటమే నాకు మింగుడు పడట్లేదక్కా. అంపైరే బ్యాటు పట్టుకున్నట్టుంది.

అక్క: నాదీ అదే గోల. ఓట్లు చూసుకునే పోస్టుకి పార్టీ టికెట్ ఏంటి? పని బాగా చేశాడా అన్నది ఎవరూ అడగలేదు, మా పక్షమా కాదా అన్నదొక్కటే చూశారు.

తమ్ముడు: మరీ అలా కొట్టిపారెయ్యకు. ఇక్కడ ఎన్నికలు దగ్గరపడ్డాక ఒక్క ఆర్డరుతో కలెక్టర్లు, ఎస్పీలు మారిపోతారు. జనం అడగడానికి ఏముంది? అక్కడ కనీసం తీసేసింది ఓటరే.

అక్క: తీసేసింది మొత్తం కౌంటీ కాదురా, ఒక పార్టీ ప్రైమరీలో ఓటేసిన జనం. రెండూ ఒకటేనంటే నేను ఒప్పుకోను.

తమ్ముడు: ఓడాక కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడా?

అక్క: లేదు. సెప్టెంబరులో ఓటర్ల రికార్డుల్లో పాత పొరపాటు ఒకటి బయటపడింది. 1996కి ముందు డ్రైవింగ్ లైసెన్సు తీసుకున్న 98 వేల మంది దాకా ఓటర్లకి పౌరసత్వ రుజువు సరిగా తీసుకోలేదు. రుజువు లేనివాళ్లు ఇక్కడ కేంద్ర పదవులకే ఓటేయగలరు, రాష్ట్ర, స్థానిక పదవులకి కాదు. వాళ్లకి అన్ని పదవులూ ఉన్న పూర్తి బ్యాలెట్ ఇవ్వాలా వద్దా అని తేల్చమంటూ కోర్టుకెళ్లాడు. అవతలి పక్షం ఎవరో ఊహించు.

తమ్ముడు: ఎవరు?

అక్క: ఏడ్రియన్ ఫాంటెస్! 2022లో ఆయన రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్‌గా, అంటే రాష్ట్రంలో ఎన్నికలు చూసుకునే పెద్ద పదవికి గెలిచాడు. కొట్లాట కాదులే, ఎన్నికలకి ముందే తేలిపోవాలని ఇద్దరికీ ఉంది. మూడు రోజుల్లో అరిజోనా సుప్రీం కోర్టు తేల్చేసింది, వాళ్లు పూర్తి బ్యాలెట్ వెయ్యొచ్చని. కోర్టుకెళ్లిన రిచరే ఓడిపోయాడు. ఓడినందుకు సంతోషంగానే ఉన్నట్టు కనిపించాడు, ఎందుకంటే అందరికీ ఒకే నియమం దొరికింది.

తమ్ముడు: ఇప్పుడు హీప్ ఎలా చేస్తున్నాడు?

అక్క: నవంబరులో గెలిచి 2025 జనవరిలో కూర్చున్నాడు. జూన్‌కల్లా సూపర్‌వైజర్ల బోర్డు మీద కేసు వేశాడు, ఎన్నికల పనుల్లో ఎవరి వాటా ఎంత అని. ఆ బోర్డులో ఎక్కువమంది ఆయన పార్టీవాళ్లే.

తమ్ముడు: బోరు కొట్టించడం ఇప్పట్లో కుదిరేలా లేదు.

అక్క: ఆఖరుగా అరిజోనాలో వింటున్న తెలుగువాళ్లకి ఒక మాట. ఏ పార్టీలోనూ పేరు నమోదు చేసుకోని ఓటర్లయితే, ప్రైమరీ బ్యాలెట్ దానంతటదే ఇంటికి రాదు. ఏ పార్టీ బ్యాలెట్ కావాలో మీరే అడిగి తెప్పించుకోవాలి. అడగొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. ఇలాంటి పోస్టులు చాలావరకు నవంబరులో కాదు, ఎండలు మండిపోయే వేసవి ప్రైమరీలోనే తేలిపోతాయి. వచ్చే వారం కలుద్దాం.

తమ్ముడు: ఉంటాం అండీ.