తొమ్మిదో పేజీలో లేని మండువ

(గ్రామ ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో ఒక రిటైర్డ్ టీచర్ ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, సర్పంచ్ గారికి, హెడ్మాస్టర్ గారికి, పూర్వ విద్యార్థుల సంఘానికి, ఎండలో ఓపిగ్గా కూర్చున్న అక్కలకు, అన్నలకు, పిల్లలకు నమస్కారం. ఎవరినైనా మరిచిపోతే ఏమనుకోవద్దు. ముప్పై ఏండ్లు పంతులమ్మగా చేసినదాన్ని, హాజరు పట్టీ చేతిలో లేకుంటే పేర్లు గుర్తుకురావు.

"మన బడి, మన ఊరు" మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. బడి గురించి నా ముందు నలుగురు మాట్లాడారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఊరి గురించి మాట్లాడతాను. అసలు ఊరి గురించి కూడా కాదు, ఇవాళ మీ అందరికీ పంచిన ఈ పసుపు అట్ట ఊరి చరిత్ర పుస్తకంలో తొమ్మిదో పేజీ గురించి. పుస్తకాలతో విసురుకుంటున్నవాళ్లు ఒకసారి ఆపి, పేజీ తీయండి.

"1947లో మన ఊరి యువకులు తాటిచెట్లు నరికి నిజాం ఖజానాకు గండి కొట్టారు." దాని కింద అయిదు పేర్లు. వాక్యం తప్పు కాదు. ఆబ్కారీ, అంటే కల్లు సారా మీది పన్ను, నిజాం సర్కారుకు పెద్ద రాబడి. దాన్ని దెబ్బతీయాలంటే తాటిచెట్టునూ ఈతచెట్టునూ కొట్టాలి. ఆ ఏడు నిజాం మీద హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ చేసిన సత్యాగ్రహంలో చాలా ఊళ్లలో అదే చేశారు. అంతా నిజమే. మరి ఆ చెట్లను గీసి బతికేది ఎవరు?

మా తాత.

ఈ పుస్తకంలో గుడి ఉంది, చెరువు ఉంది, బురుజు ఉంది, దొర గడి ఉంది. మండువ, అంటే కల్లు అమ్మే చోటు, లేదు. ఇప్పుడు వాటర్ ప్లాంటు ఉన్న జాగా, అదే మా మండువ. పెద్ద చింతచెట్టు, తాటాకు పందిరి, ఒక మట్టిగోడల అర్ర. తెల్లవారకముందే తాత, మా నాయన, చిన్నాయన చెట్టెక్కే మోకు ముస్తాదు కట్టుకుని పోయేవాళ్లు. లొట్లలో దిగిన కల్లు తెచ్చి నాయనమ్మ ముందు పెట్టేవాళ్లు. అమ్మకం ఆమెది. తాటి రేకల్లో పోసేది. చలికాలం ఈతకల్లు, ఆ తర్వాత మగచెట్టు పోతుతాడు, ఎండలు ముదిరితే కాయలు కాసే పండుతాడు. పొద్దున తియ్యగా ఉన్న కల్లు మధ్యాహ్నానికి పులిసి నాలుక కొరికేది. పెండ్లి మాట ఖాయమైనా అక్కడే, ఎడ్ల బేరం కుదిరినా అక్కడే, ఎల్లమ్మకు సాక పోయాలన్నా మా లొట్టే. చిన్నాయన 1983లో తాటిచెట్టు మీంచి పడి మంచంపట్టాడు. 2024 నుంచి గీసేవాళ్లు చెట్టు మీంచి పడకుండా కాటమయ్య రక్ష కిట్లు ఇస్తున్నారు, మంచిదే. మా చిన్నాయనకు నలభై ఏండ్లు ఆలస్యం.

నాయనమ్మకు చదువు రాదు. ఉద్దెర లెక్క అర్ర గోడ మీద బొగ్గుతో రాసేది. కుమ్మరాయనకు కుండ బొమ్మ, సాలె ఆయనకు కండె బొమ్మ, మంగలాయనకు కత్తి. పక్కన గీతలు, రేకకు ఒకటి. నాకు అ ఆలు వచ్చింది ఈ బడిలో. చదవడం మాత్రం ముందు ఆ గోడ మీదే వచ్చింది.

అందులో ఒక బొమ్మ కళ్లద్దాలు. అవును, మీరు అనుకుంటున్నదే. తాగుడు చెడ్డదని మాకు పాఠం చెప్పిన సారు, చీకటి పడ్డాక దడి వెనుక నుంచి వచ్చేవాడు. ఏటా దసరాకు నాయనమ్మ గోడకు సున్నం వేసేది. కట్టినవాళ్ల గీతలు, కట్టనివాళ్ల గీతలు, అన్నీ సున్నం కిందికే. కానీ సున్నం ఆరకముందే కళ్లద్దాలు మళ్లీ ప్రత్యక్షం, నలభై మూడు గీతలతో సహా! అదేందని అడిగితే, "గరీబోనివి మాఫ్ చేస్త. జీతం తీసుకునేటోనివి ఎందుకు చేస్త?" అనేది. ఆ సారు మనవడు ఇప్పుడు ఈ వేదిక మీదే ఉన్నాడు. ఎవరా అని వెతకొద్దు. నవ్వాపుకోలేక తలవంచుకున్నాడు, దొరికిపోయాడు.

నవ్వాం సరే. ఇంకో మాట చెప్పకపోతే నేను కూడా ఈ పుస్తకంలాగే సగం చెప్పినదాన్నవుతాను. ఆ చింతచెట్టు నీడ అందరికీ కాదు. మాల మాదిగ వాళ్లు దడి అవతల ఎండలో కూర్చునేవాళ్లు. వాళ్లకు ఎత్తి పోసింది మా నాయనమ్మే, ఇంకెవరో కాదు. కూలి డబ్బులన్నీ మండువలో పోతే పిల్లలను చంకన వేసుకొచ్చి ఆమె మీద దుమ్మెత్తిపోసిన ఆడవాళ్లను నేను చూశాను. మండువ గురించి రాసేటప్పుడు ఆ దడినీ రాయండి, ఆ ఆడవాళ్లనూ రాయండి. క్లోరల్ హైడ్రేట్, డైజీపాం లాంటి మత్తుమందులు కలిపి అమ్మే మందుకల్లును మాత్రం మా ఖాతాలో వేయకండి. దానికి చెట్టుతోనే పనిలేదు.

ఏటా ఆగస్టు 18న సర్వాయి పాపన్నకు దండలు వేస్తున్నాం. 1708లో వరంగల్లు మీద పడ్డ ఆ మనిషి కల్లు గీసే ఇంటివాడే కదా! ఆయనకు దండ ఉంది, మండువకు ఒక పేజీ లేదు. సరే, ఎక్కడికో పోతున్నాను.

చెట్లు నరికిన ఆ రాత్రి సంగతి. నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఆ అయిదుగురూ ముందు వచ్చింది మా ఇంటికే. గొడ్డలి కోసం. ఊళ్లో పదునైన గొడ్డలి మాదే మరి. తాత ఇచ్చాడు. ఎవరూ బెదిరించలేదు, ఆయనకూ నిజాం పోవాలనే ఉండె. ఒక్కటే అడిగాడట: "పోతుతాళ్లు కొట్టుండ్రి, పండుతాళ్లు ఉంచుండ్రి. పోరగాండ్లకు ముంజలన్న దొరుకుతయి." చీకట్లో ఏది పోతో ఏది పండో వాళ్లకేం తెలుస్తుంది? తెల్లవారేసరికి ముప్పై ఆరు చెట్లు నేల మీదున్నాయి.

నెల తిరిగేసరికి కల్లు గుత్తకు పట్టిన ముస్తాజరు మనిషి వచ్చాడు. ఆబ్కారీవాళ్లు చెట్టు చెట్టుకూ నంబరు వేస్తారు. చెట్టు పడిపోయింది, నంబరు దఫ్తరులో నిలబడే ఉంది. నిలబడ్డ నంబరుకు పన్ను కట్టమన్నాడు. నాయనమ్మ కాళ్ల వెండి కడియాలు ఆ పన్నుకే పోయాయి. తాత షోలాపూర్ మిల్లుకు పోయాడు. పోలీసు చర్యతో నిజాం పాలన పోయాక, 1949లో తిరిగొచ్చాడు.

నేను మూడో తరగతిలో ఉండగా నాయన నన్ను వాగు ఒడ్డుకు తీసుకుపోయి, మిగిలిన ఒక ఈతచెట్టు చూపించాడు. ఈతచెట్టును ఒక ఏడు ఇటు గీస్తే మరో ఏడు అటు గీస్తారు. ఆ గాట్లు మెట్లలాగా పైదాకా పోతాయి. ఆ చెట్టుకు నడుమ ఒకచోట జానెడు గాటు లేదు, నున్నగా ఉంది. "గిది మీ తాత షోలాపూర్ల ఉన్నప్పటిది," అన్నాడు. ఇంకేమీ అనలేదు.

...టైమైందని చీటీ పంపారు. చూశాను సార్. నేనూ చాలా చీటీలు పంపినదాన్నే.

ఆ అయిదుగురి పేర్లు తీసేయమని నేను అనడం లేదు. జైలుకు తెగించినవాళ్లు, ఉండాల్సిందే. రెండో ముద్రణ ఎలాగూ వేస్తామంటున్నారు. ఆ వాక్యం పక్కన ఇంకొకటి చేర్చండి: అవి ఎవరు గీసే చెట్లో, గొడ్డలి ఎవరిదో, పన్ను ఎవరు కట్టారో. నా మాట మీద నమ్మకం లేకపోతే, అదిగో మూడో వరుసలో తలకు తువ్వాల చుట్టుకున్న తాత ఉన్నాడు. చెట్లు పడ్డ పొద్దున ఆయనకు తొమ్మిదో పదో ఏండ్లు, అన్నతో పాటు మట్టలు ఏరుకోవడానికి పోయాడు. బాబూ, ఆ మైకు వైరు అక్కడిదాకా వస్తుందా? రానిస్తే కొంచెం ఇవ్వు.

లేవకు తాతా, కూర్చునే చెప్పు. ముప్పై ఆరేనా, ఇంకా ఎక్కువా?