రాజు తప్పు చేస్తే

శ్రోతలకు నమస్కారం. 1945 జూలై 28, శనివారం ఉదయం. పొగమంచు కమ్మిన న్యూయార్క్‌లో దారి తప్పిన సైనిక బాంబర్ విమానం ఒకటి ఎంపైర్ స్టేట్ భవనాన్ని ఢీకొంది. 14 మంది చనిపోయారు.

మరి బాధితులు ఎవరి మీద దావా వేయాలి? విమానం ప్రభుత్వానిది. అప్పటికి అమెరికాలో ప్రభుత్వం తనంత తాను ఒప్పుకుంటే తప్ప దాన్ని కోర్టుకు ఈడ్చే వీలు లేదు. ‘రాజు తప్పు చేయడు’ అన్న ఇంగ్లండు నాటి సూత్రం, రాజునే వదిలించుకున్న దేశంలో దర్జాగా బతికింది! గాయపడినవారు, అక్కడి పార్లమెంటైన కాంగ్రెసులో ఎవరైనా సభ్యుణ్ణి పట్టుకుని, తమ ఒక్కరి కోసం బిల్లు పెట్టించుకోవలసి వచ్చేది. ఏళ్ల తరబడి నానుతున్న సంస్కరణ 1946 ఆగస్టులో ఫెడరల్ టార్ట్ క్లెయిమ్స్ చట్టంగా వచ్చింది. టార్ట్ అంటే ఎదుటివారికి నష్టం కలిగించి, పరిహారం కోరే హక్కు ఇచ్చే తప్పు. 1945 జనవరి 1 నుంచి జరిగిన ఘటనలకూ వర్తింపజేశారు కాబట్టి, ఆ భవనంలో గాయపడినవారికీ దారి దొరికింది.

ఈ చట్టం ప్రకారం, ఫెడరల్ అంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి విధుల్లో ఉండి అజాగ్రత్తతో ఎవరినైనా గాయపరిస్తే, అదే పనికి ఒక మామూలు మనిషి అక్కడి రాష్ట్ర చట్టం ప్రకారం బాధ్యుడయ్యేటట్లయితే, ప్రభుత్వమూ బాధ్యత వహించాలి. తపాలా వ్యాను ఎర్రదీపాన్ని లెక్కచేయకుండా వచ్చి గుద్దితే పేచీ లేదు. చిక్కంతా విధాన నిర్ణయాల దగ్గరే. అధికారుల విచక్షణకు వదిలిన అలాంటి నిర్ణయాల మీద దావా చెల్లదు.

ఈ గీత ఎక్కడ పడుతుందో 1955 నాటి సుప్రీంకోర్టు తీర్పు చక్కగా చూపిస్తుంది. లైట్‌హౌస్ దీపం వెలగక తమ సరుకు పడవ తీరంలో ఇరుక్కుపోయిందని ఓడవారి ఫిర్యాదు. అక్కడ దీపస్తంభం పెట్టాలా వద్దా అన్నది ప్రభుత్వ తీర రక్షక దళం కోస్ట్ గార్డ్ ఇష్టమే. పెట్టి, నావికులు దాన్ని నమ్ముకున్నాక, దీపం సరిగ్గా వెలిగేటట్లు చూడడం మాత్రం ఇష్టాయిష్టాల సంగతి కాదని కోర్టు తేల్చింది.

నేరుగా కోర్టుకు వెళ్లడం కుదరదు. ముందుగా రెండేళ్లలోపు, ఎంత సొమ్ము కావాలో అంకె వేసి మరీ, సంబంధిత శాఖకు రాతపూర్వకంగా అర్జీ పెట్టాలి. తర్వాత కోర్టులో అంతకు మించి అడగడం దాదాపు అసాధ్యం, కనుక తొందరపడి చిన్న అంకె వేయకూడదు. శాఖ కాదంటే ఆరు నెలల్లో దావా వేయాలి. తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందం, అంటే జూరీ ఉండదు.

సైనిక విమాన ప్రమాదంలో చిక్కుకున్నవారికి దారి చూపిన ఈ చట్టం, విధుల్లో గాయపడిన సైనికుడికి మాత్రం వర్తించదని 1950లో సుప్రీంకోర్టు చెప్పింది. సైనిక ఆసుపత్రుల్లో వైద్య నిర్లక్ష్యం జరిగితే రక్షణ శాఖకు అర్జీ పెట్టుకునే వీలును 2019లో కల్పించారు. కోర్టు తలుపు మాత్రం తెరవలేదు.