పుల్లీ చిన్నదైతే బూస్ట్ ఎంత పెరుగుతుంది? తిరుపతి ఎండలో సూపర్‌ఛార్జర్ లెక్క

(తెర మీద: ఇంజన్ ముందు భాగం. కింద క్రాంక్ పుల్లీ, పైన సూపర్‌ఛార్జర్ పుల్లీ, రెండింటికీ కలిపి ఒకే బెల్ట్)

నమస్తే అండీ. సూపర్‌ఛార్జర్ అంటే ఇంజన్ బెల్ట్‌తో తిరుగుతూ ఇంజన్‌లోకి అదనంగా గాలి తోసే పంపు. దాని వల్ల ఏర్పడే అదనపు గాలి ఒత్తిడే బూస్ట్. సూపర్‌ఛార్జర్ కారుకి పవర్ చాలట్లేదు అని షెడ్డులో అంటే, వెంటనే వచ్చే సలహా ఇది: "పైన పుల్లీ తీసి చిన్నది వెయ్ అన్నా." సలహా తప్పు కాదు. కాకపోతే ఆ చిన్న పుల్లీ బూస్ట్‌తో పాటు వేడిని కూడా పెంచుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన తిరుపతిలో ఆ రెండో లెక్క వేయకుండా పుల్లీ కొనకూడదు. ఈరోజు రెండు లెక్కలూ వేద్దాం.

(తెర మీద: బెల్ట్ నెమ్మదిగా తిరుగుతూ)

పిండి మిల్లు చూసినవాళ్లకి సగం విషయం తెలిసినట్టే. మోటారు పుల్లీ పెద్దది, మిల్లు పుల్లీ చిన్నది అయితే రాయి జోరుగా తిరుగుతుంది. ఇక్కడ మోటారు బదులు క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇంజన్ ప్రధాన ఇరుసు, రాయి బదులు గాలిని తోసే సూపర్‌ఛార్జర్ రోటర్లు.

క్రాంక్ పుల్లీ 7.5 అంగుళాలు, సూపర్‌ఛార్జర్ పుల్లీ 3 అంగుళాలు అనుకోండి. 7.5ని 3తో భాగిస్తే 2.5. ఇంజన్ 6,500 ఆర్‌పీఎమ్‌లో ఉంటే రోటర్లు 16,250లో తిరుగుతాయి. ఇప్పుడు పైన 2.75 అంగుళాలది వేద్దాం. నిష్పత్తి 2.73 అవుతుంది, రోటర్ల వేగం 17,700 దాటుతుంది. పావు అంగుళం తగ్గిస్తే వేగం 9 శాతం పెరిగింది.

ఇంకో మాట. 15 శాతం చిన్న పుల్లీ వేస్తే వేగం 15 శాతమే పెరుగుతుందనుకోవద్దు. ఒకటిని 0.85తో భాగించి చూడండి, 17.6 శాతం వస్తుంది. పుల్లీ చిన్నదయ్యేకొద్దీ ఈ తేడా పెద్దదవుతుంది.

(తెర మీద: బూస్ట్ గేజ్, ముల్లు 8 దగ్గర)

సరే, వేగం 9 శాతం పెరిగింది. 8 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) ఉన్న బూస్ట్ ఎంతవుతుంది? 8.7 అనేస్తారు చాలామంది. కాదు. గేజ్ చూపించే 8 అనేది బయటి గాలి ఒత్తిడి మీద అదనం. సముద్రమట్టం దగ్గర బయటి గాలే 14.7 పీఎస్ఐ ఉంటుంది. రెండూ కలిపితే 22.7. ఆ మొత్తానికి 9 శాతం కలపాలి. సుమారు 24.7 వస్తుంది. అందులోంచి 14.7 తీసేస్తే గేజ్ మీద 10. అంటే 9 శాతం వేగానికి 2 పీఎస్ఐ. ఇది రూట్స్, ట్విన్ స్క్రూ రకాల లెక్క. ఇవి ఒక్కో చుట్టుకి ఇంత అని గాలిని ఇంజన్‌లోకి తోస్తాయి. ఫ్యాన్‌లాంటి చక్రంతో గాలిని విసిరే సెంట్రిఫ్యూగల్ రకంలో ఒత్తిడి దాదాపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అక్కడ చిన్న మార్పు కూడా గట్టిగా తగులుతుంది.

ఇదే లెక్కతో తిరుమల సంగతీ తెలిసిపోతుంది. కొండ మీద ఎత్తు 850 మీటర్లకు పైమాటే, అక్కడ బయటి గాలి ఒత్తిడి సుమారు 13.3 పీఎస్ఐ. పుల్లీ మారలేదు, బెల్ట్ జారలేదు, అయినా కింద 8 చూపించే గేజ్ పైన 7కి కాస్త అటూఇటూగా ఆగుతుంది. లెక్క కోసమే చెబుతున్నాను, ఘాట్ రోడ్డులో ఫుల్ థ్రాటిల్ ఎవరూ తొక్కొద్దు.

(తెర మీద: థర్మామీటర్, పక్కనే బూస్ట్ గేజ్)

ఇక అసలు విషయం. బూస్ట్ అంటే ఇంజన్‌లోకి వెళ్లిన గాలి కాదు. సూపర్‌ఛార్జర్ తోసిన గాలిని ఇంజన్ వెంటనే మింగలేకపోతే మ్యానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకు గాలి తీసుకెళ్లే గొట్టాల్లో, పేరుకునే ఒత్తిడి అది. మంచి ఎగ్జాస్ట్, మంచి సిలిండర్ హెడ్ వేస్తే అదే పుల్లీతో బూస్ట్ తగ్గి, పవర్ పెరుగుతుంది. ముల్లు దిగిందని కంగారు పడక్కర్లేదు.

దీనికి తిరగేసినదీ జరుగుతుంది, అదే మనకి ప్రమాదం. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. 40 డిగ్రీల గాలిని 8 పీఎస్ఐకి నొక్కుతూ, రూట్స్ బ్లోవర్ సామర్థ్యం 60 శాతం అనుకుంటే, ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లబరిచే పరికరం) లేకుండా బయటికొచ్చే గాలి 108 డిగ్రీల దగ్గర ఉంటుంది. 10 పీఎస్ఐకి అది 120 దాటుతుంది. పైగా వేగం మితిమీరితే సామర్థ్యమే పడిపోతుంది. వేడి గాలికి చోటు ఎక్కువ కావాలి, అందుకే గేజ్ ముల్లు ఇంకా పైకి పోతుంది, లోపలికి వెళ్లే ఆక్సిజన్ మాత్రం ఆ మేరకు పెరగదు. మీరు సంబరపడే ఆ అదనపు ఒత్తిడిలో కొంత ఉత్త వేడి. ఆ వేడితోనే నాకింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి తనంతట తానే మండటం, మొదలవుతుంది. ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ) స్పార్క్‌ని కాస్త ఆలస్యం చేస్తుంది, పెరిగిన పవర్ మళ్లీ తగ్గిపోతుంది. ట్యూనింగ్ సరిగ్గా లేకపోతే పిస్టన్ల దాకా వస్తుంది.

అందుకే నేను గట్టిగా చెప్పేది: మన ఊరి ఎండకి పుల్లీ కంటే ముందు ఇంటర్‌కూలర్ చూసుకోండి. తర్వాత ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంప్, ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్, పెరిగిన గాలికి తగ్గ ట్యూనింగ్. ఇవేవీ లేకుండా చిన్న పుల్లీ ఒక్కటే వేయించుకోవడం నాకు అస్సలు నచ్చదు.

(తెర మీద: చిన్న పుల్లీ మీద బెల్ట్ పట్టు, దగ్గరగా)

పై పుల్లీ జోలికి పోకుండా క్రాంక్ పుల్లీని పెద్దది చేసినా నిష్పత్తి అంతే పెరుగుతుంది. బెల్ట్‌కి పట్టు కూడా బాగుంటుంది. కానీ ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్ అదే పుల్లీ మీద నడుస్తుంటే అవన్నీ కూడా జోరందుకుంటాయి. చాలా ఇంజన్లలో క్రాంక్ పుల్లీయే కంపనాలు పీల్చే డ్యాంపర్ కూడా. దాన్ని తీసి మామూలు అల్యూమినియం చక్రం బిగిస్తే క్రాంక్‌షాఫ్ట్‌కే ముప్పు.

పై పుల్లీ మార్చినా చుట్టుపక్కల సంగతులు ఉంటాయి. 2002 నుంచి 2006 దాకా వచ్చిన మినీ కూపర్ ఎస్‌లో 1.6 లీటర్ ఇంజన్‌కి ఈటన్ ఎం45 సూపర్‌ఛార్జర్ ఉండేది. పుల్లీ మార్పుకి బాగా పేరున్న కారు. అందులో వాటర్ పంప్ సూపర్‌ఛార్జర్ నుంచే తిరుగుతుంది. పుల్లీ చిన్నది చేస్తే నీళ్ల పంపు వేగం కూడా మారిందన్నమాట. ఏ కారైనా సరే, సూపర్‌ఛార్జర్ తయారీదారు చెప్పిన గరిష్ఠ ఆర్‌పీఎమ్‌ని మీ ఇంజన్ రెడ్‌లైన్ (గరిష్ఠ వేగం) దగ్గర లెక్కేసి చూశాకే పుల్లీ సైజు తేల్చుకోండి.

వేసిన తర్వాత పరీక్ష మన బైపాస్ మీద వద్దు. బండిలో చేసే మార్పుల మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, దానికంటే ముందు రోడ్డు మీద మనుషులున్నారు. డైనో (బండిని నిలిపి పవర్ కొలిచే యంత్రం) మీదో, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోటై రేస్ ట్రాక్‌లోనో చేయండి. బూస్ట్, ఇన్‌టేక్ గాలి వేడి, నాక్, ఎయిర్ ఫ్యూయల్ నిష్పత్తి, నాలుగూ లాగ్ చేయండి. ఆర్‌పీఎమ్ పెరుగుతుంటే బూస్ట్ ఒక చోట దాకా ఎక్కి, ఆపై జారిపోతుందా? పుల్లీ చుట్టూ నల్లటి పొడి కనిపిస్తుందా? అయితే బెల్ట్ జారుతోంది. బెల్ట్‌ని బిగువుగా పట్టే టెన్షనర్ సరిచేసి, బెల్ట్ పుల్లీని ఎంత మేర చుట్టుకుందో చూడండి. అంతకంటే చిన్న పుల్లీ వేస్తే ఆ పట్టు ఇంకా తగ్గుతుంది.